సైకిలుకే ఉండిపోయిన బూటు

ఆ రోజు జిమ్ములో, ఉన్నచోటే తొక్కే సైకిళ్ళ క్లాసు అయ్యేసరికి అందరి బూట్లూ అందరి కాళ్ళకే ఉన్నాయి. వదిన ఎడమ బూటు ఒక్కటే సైకిలుకుంది.

వదిన మాత్రం ఏమీ జరగనట్టే దిగింది. కుడికాలికి కొత్త బూటు, ఎడమకాలికి ఉత్త సాక్సు. టక్కుమని ఒక అడుగు, చప్పుడు లేకుండా ఇంకో అడుగు వేసుకుంటూ, మెడ మీద చెమట తుడుచుకుంటూ, భోజనం చేసి లేచినంత తీరిగ్గా తలుపు దాకా నడిచింది. వెనక మూల సైకిలుకు ఎడమవైపు ఆ బూటు పట్టీలు ఊడి, నోరు తెరుచుకుని కనిపిస్తోంది.

మరదలికి తల కొట్టేసినంత పనైంది. ఆ గదిలో ముందు వరస, అద్దానికి ఎదురుగా ఉన్న సైకిలు ఆమెది. చాలాకాలంగా వస్తోంది. టకటకలాడే సైక్లింగు బూట్లు ఆ క్లాసులో మొదట కొన్నదీ ఆమే. అవి గదిలోనే తొడుక్కోవాలని క్లాసు చెప్పే ఆవిడ ఎంత మొత్తుకున్నా వినకుండా ఇంటి దగ్గర్నుంచే తొడుక్కుని వీధంతా చప్పుడు చేసుకుంటూ వస్తుంది. పైగా నోట్లో నువ్వుగింజ నానని మనిషి. 'మా వదిన వస్తోంది, మా వదిన వస్తోంది' అని వారం ముందు నుంచే అందరికీ చాటింపు వేసింది. ఇప్పుడు ఆ సాక్సు కాలు ఎవరి వదినదో గదిలో తెలియనివాళ్ళు లేరు.

"వదినా! బూటు!" అంది, గుసగుసే అయినా గదంతా వినపడేలా.

"ఉండనీవే. ఎక్కడికీ పోదు," అంది వదిన. "దాని పట్టు చూస్తే వచ్చే ఏడు దాకా అక్కడే ఉండేట్టుంది."

ఆ బూట్ల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వాటి అడుగున, వేళ్ళ మొదట్లో ఒక ఇనుప బిళ్ళ ఉంటుంది. పెడలులో దానికి సరిపడే కొక్కెం ఉంటుంది. కాలు పెట్టి నొక్కితే టక్కుమని పడుతుంది. ఇక అది ఉడుంపట్టే. పైకి లాగితే రాదు, ముందుకి తోస్తే రాదు. మడమని బయటివైపుకి తిప్పాలి, అప్పుడే వదులుతుంది. చిన్నపిల్లలు కూడా చేసే పని. అయితే వదిన ఎడమకాలి చీలమండకి చేతకాని పని ప్రపంచంలో ఏదైనా ఉందంటే సరిగ్గా అదే.

వదిన బస్సు డ్రైవరు. బస్సు డ్రైవర్లు చాలామంది ఉంటారు, అది గొప్ప కాదు. గుడ్ల అట్టలు పట్టుకుని మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళు ముందొచ్చిన బస్సులు వదిలేసి ఆమె బస్సు కోసం ఆగేవారు, అదీ గొప్ప. రాయిలాంటి క్లచ్ ఉన్న పాతకాలపు బస్సుని ఆమె కదిలిస్తే నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకోవడం మరిచిపోయేవారు. ఆమె మొగుడు, అంటే మరదలికి అన్నయ్య, డ్రాయింగు మాస్టరు. ఏ బస్సెక్కినా రెండో స్టాపుకి కడుపులో తిప్పే మనిషి. వదిన బస్సులో మాత్రం చివరి స్టాపు దాకా బొమ్మలు గీసుకుంటూ కూర్చునేవాడు. బడికి వాంతి చేసుకోకుండా చేరడం కోసమే పెళ్ళి చేసుకున్నాడని మరదలు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

అలాంటి మనిషి ఒక వానరోజు, ఆగి ఉన్న బస్సు మెట్టు మీద జారి ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ క్లచ్ తొక్కే బలం రాలేదు. ఈలోగా డిపోవాళ్ళు ఆమెని మర్చిపోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చేతిగ్లవ్వులు, ఎవరిదో పళ్ళసెట్టు. పళ్ళసెట్టు మర్చిపోయి ఇంటికెళ్ళినవాళ్ళు ఏం తిన్నారో ఏమో, దానికోసం ఎవరూ రాలేదు.

ఒకసారి మరదలు అక్కడికి వెళ్ళినప్పుడు వదిన ఆ అరల మధ్య కూర్చుని కిటికీలోంచి బస్సుల్ని చూస్తోంది. "ఈ గదిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద వస్తువు నేనేనే," అని నవ్వింది. "నా కోసం కూడా ఎవరూ రావడం లేదు."

ఆ నవ్వు ఇంటిదాకా మరదలి వెంటబడింది.

కాలు బాగైందనుకున్నప్పుడు డిపో వెనక ఎత్తు మీద పరీక్ష ఇవ్వవచ్చు. నెగ్గితే మళ్ళీ స్టీరింగు. తప్పితే ఆ గదే, ఇక ఎప్పటికీ. రెండో అవకాశం లేదు. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. మరదలు చెయ్యి పట్టుకుని ఈ క్లాసుకి లాక్కొచ్చింది.

మొదట్లో వదిన మామూలు కాన్వాసు బూట్లతోనే తొక్కేది. చక్రం వేగం అందుకోగానే ఎడమకాలు పెడలు మీద నుంచి జారిపోయేది. జారినప్పుడల్లా కుడికాలు రెండింటి పనీ చేసేది. క్లాసు చెప్పే ఆవిడ మనిషి పిడికెడు, గొంతు ఆకాశమంత. అందరూ ఆమెని పిడుగు అనే పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది. ఆ పిడుగు వచ్చి వదిన సైకిలు పక్కన నిలబడి కాసేపు చూసింది.

"మీ కుడికాలు సంసారం ఈడుస్తోందమ్మా. ఎడమకాలు కూర్చుని తింటోంది," అంది. "బూట్లు మార్చండి. కట్టిపడేస్తే అదే పనిచేస్తుంది."

అలా వచ్చాయి కొత్త బూట్లు. కొన్నరోజు ఇంట్లో వాటితో గోడ పట్టుకుని నడుస్తుంటే డ్రాయింగు మాస్టరు తల పైకెత్తి చూశాడు. "ఇవి ఎక్కడానికా, దిగడానికా?"

"ఎక్కడానికే. దిగడం ఇంకా నేర్చుకోవాలి," అంది వదిన.

బూట్లు మారాక తొక్కడమే మారిపోయింది. ఎడమకాలికి ఎగ్గొట్టే దారి లేదు. కుడికాలు కిందికి వెళ్తే ఇది పైకి రావాల్సిందే, పైకి వచ్చాక మళ్ళీ కిందికి తొక్కాల్సిందే. వదిన పళ్ళు బిగించి తొక్కేది. పిడుగు "ఎత్తొచ్చింది! ఎక్కండి!" అని అరిస్తే వదిన ఎడమచెయ్యి తెలియకుండానే గేరు రాడ్డు కోసం గాలిలో వెతికేది. దిగేముందు కుడివైపు వెనక్కి తిరిగి చూసుకునేది, వెనక ఏదైనా బండి వస్తోందేమోనని. అందరూ నవ్వేవారు, తనూ నవ్వేది. ముందు వరసలో ఉన్న మరదలు తన సంగతి మానేసి అద్దంలో వెనక మూలనే చూస్తుండేది. ఫ్యాను గాలి తగలని మూల అది. దిగేటప్పుడు గోడ ఆసరాకి ఉంటుందని వదిన కావాలని ఎంచుకుంది. ఆ మూలలో, ఆ ఉక్కలో, ఒక్క పూట కూడా మధ్యలో ఆపలేదు. ఇంత మొండిమనిషిని మరదలు పుట్టి ఎరగదు.

తొక్కడం వచ్చింది గానీ దిగడం రాలేదు. రోజూ అదే తంతు. కుడికాలు టక్కుమని వచ్చేసేది. ఎడమ మడమ తిరిగేది కాదు. చివరికి పట్టీలు ఊడదీసుకుని, బూటుని సైకిలుకే వదిలేసి, సాక్సుతో దిగేది. తర్వాత ఎవరో ఒకరు కూర్చుని రెండు చేతులతో ఆ బూటుని మెలితిప్పి తీసేవారు.

పిడుగు కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు అందరూ వెళ్ళాక మెల్లగానే చెప్పింది. "ఈ చక్రం బరువు తెలుసుగా. మీరు ఆపినా అది ఆగదు, పెడలుతో పాటు కాలిని తిప్పేస్తుంది. కాలు తీసుకోలేనివాళ్ళని ఈ బూట్లతో ఎక్కించడం నావల్ల కాదమ్మా. వచ్చే వారంలోగా మీ అంతట మీరు తీసుకోగలిగితే సరే. లేదంటే పాత బూట్లే."

వదిన తలూపింది. ఇంటికొచ్చి గదిలో ముక్కాలిపీట వేసుకుని, ఎడమ మడమని తలుపు చట్రానికి ఆనించి, బయటికి, బయటికి అని నెడుతూ కూర్చుంది. వారగా వేసిన తలుపు సందులోంచి మరదలు చూసింది. వదిన కింది పెదవి పళ్ళ కింద ఉంది. చెంప తడిసి ఉంది. కాలు విరిగిన రోజు కూడా ఏడవని మనిషి.

మరదలు పనిచేసేది కళ్ళద్దాల షాపులో. పొద్దస్తమానం కళ్ళజోళ్ళ కాడలకి మరలు బిగించడం, వదులు చెయ్యడం ఆమె పని. ఎంత బిగిస్తే ముక్కు నొక్కుకుంటుందో, ఎంత వదిలితే జారుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. అలాంటి మనిషి కంటికి పెడలు వెనక ఉన్న చిన్న మర ఇన్నాళ్ళూ ఆనకపోవడమే వింత. ఒకవైపు తిప్పితే కొక్కెం పట్టు పెరుగుతుంది, ఇంకోవైపు తిప్పితే తగ్గుతుంది. మర్నాడు మరలు తిప్పే ఎల్ కీ ఒకటి సాక్సులో దోపుకుని, అందరికన్నా ముందు వచ్చి, నీళ్ళు పట్టుకునే వంకతో మూలకి వెళ్ళి, వదిన సైకిలు ఎడమ పెడలు మరని వదులు చేసింది.

ఆ రోజు క్లాసు చివర, పాట ఆగిన నిశ్శబ్దంలో, వెనక మూల నుంచి టక్‌మని వినిపించింది. అందరూ తిరిగి చూశారు. వదిన ఎడమకాలు గాలిలో ఉంది, బూటుతో సహా. ఎవరి కాలో అన్నట్టు దానివంకే చూసుకుంటోంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మరదలు అందరికన్నా గట్టిగా కొట్టింది.

ఆ తర్వాత అది రోజువారీ పనైంది. మరదలు ముందు రావడం, మర వదులు చెయ్యడం, వదిన క్లాసు అయ్యాక టక్‌మని దిగడం. ఒక్కటే విసుగు. ఇవాళ వదులు చేసిన మర రేపటికి మళ్ళీ బిగుసుకుని ఉండేది. సైకిళ్ళు చూసుకునే మెకానిక్ సాయంత్రాలు వచ్చి అన్నీ బిగిస్తున్నాడనుకుంది. రోజురోజుకీ ఇంకాస్త ఎక్కువ తిప్పాల్సి వచ్చేది. 'వీడి చేతులు పడిపోను, పనీపాటా లేదా' అని తిట్టుకుంటూ తిప్పేది. వదిన ఆమె తర్వాత వచ్చి సైకిలెక్కి, వంగి, ఎడమ బూటు పట్టీ బిగించుకోవడానికి చాలాసేపు తీసుకునేది. పాపం, కాలు నొప్పేమో అనుకునేది మరదలు.

ఇలా సాగుతుండగా ఒకరోజు భోజనాల దగ్గర వదిన చల్లగా చెప్పింది. "పరీక్షకి పేరిచ్చాను."

డ్రాయింగు మాస్టరు కంచం వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మరదలు నోటిదాకా తెచ్చిన ముద్ద దించేసింది.

"ఇంత తొందరేం వదినా? ఇంకొన్నాళ్ళు చూసుకోవచ్చుగా."

"తొందరేముంది? రోజూ చూస్తున్నావుగా, కాలు ఎలా వస్తోందో."

చూస్తోంది. చూస్తోంది కాబట్టే గుండెలో రాయి పడింది. వస్తున్నది కాలు కాదు, మర. తను చేసినదేదో సాయమనుకుంది. ఇప్పుడు ఆ సాయాన్ని నమ్ముకుని వదిన ఎత్తు మీదకి బస్సెక్కించబోతోంది. ఆ రాయిలాంటి క్లచ్ కింద కొక్కెం లేదు, వదులు చెయ్యడానికి మర లేదు. చీలమండ బలం చాలక బస్సు వెనక్కి జారిందంటే అంతే, ఆ పళ్ళసెట్టు పక్కన జీవితమంతా కూర్చోవాలి. అదీ తన చేతులమీదుగా. చెప్పెయ్యాలని చాలాసార్లు వదిన గదిలోకి వెళ్ళింది. ఒకసారి వదిన యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఒకసారి ఆ చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంటోంది. ఏ మాటైనా నోట్లో నిలవని మనిషికి ఈ మాట ఒక్కటీ నోటిదాకా రాలేదు.

పరీక్ష రోజు పొద్దున వదిన క్లాసుకి రాలేదు, తిన్నగా డిపోకి వెళ్ళిపోయింది. మరదలు ఒక్కతే వచ్చింది. ఎల్ కీ తెచ్చుకుంది గానీ మర జోలికి పోలేదు. నిజమైన పట్టు ఎంతో తన కాలితోనే చూడాలనుకుంది. సులువుగా వదిలితే వదిన చీలమండకి కూడా లొంగుతుంది, పోనివ్వవచ్చు. గట్టిగా ఉంటే పరుగెత్తి వెళ్ళి ఎలాగోలా ఆపాలి. వదిన సైకిలు తనే ఎక్కి, ఎడమ బూటు పెడలులో పెట్టి నొక్కింది. టక్కుమని పడింది.

మడమ బయటికి తిప్పింది. రాలేదు.

ఇంకా గట్టిగా తిప్పింది. హ్యాండిల్ పట్టుకుని, నడుం వంచి, ఊపిరి బిగబట్టి తిప్పింది. మోకాలు కలుక్కుమంది గానీ కొక్కెం కదల్లేదు. విరగని కాలు, ఏ జబ్బూ లేని కాలు, ముందు వరసలో పేరుపడ్డ కాలు.

"ఏంటి, ఇరుక్కున్నావా?" పిడుగు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"మీ మెకానిక్ ఉన్నాడే!" అని మండిపడింది మరదలు. "ఇలాగా బిగించేది? మనుషులు దిగొద్దా?"

"ఏ మెకానిక్? అతను వచ్చి ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు." పిడుగు దగ్గరికి వచ్చింది. "ఇది మీ వదిన బిగింపేగా. రోజూ ఎక్కగానే వంగి తిప్పుకుంటుంది, నీకు తెలీదా? రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చింది. మొన్నయితే నేనే చెప్పాను, ఇక వద్దమ్మా, మర చివరికొచ్చేసింది, ఇంక తిరగదు అని."

మరదలు పెడలు వంక చూసింది. పట్టీ బిగించుకోవడానికి చాలాసేపు వంగిన వదిన గుర్తొచ్చింది. ఆ తర్వాత రోజూ క్లాసు చివర మూల నుంచి వినిపించిన టక్‌లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంత గట్టి పట్టులోంచా! తన కాలు రాని పట్టులోంచి ఆ విరిగిన కాలు రోజూ వచ్చిందా! కళ్ళు నిండిపోయాయి, నవ్వూ వచ్చేసింది.

పట్టీలు పీకి, కాలు లాక్కుని, బూటుని సైకిలుకే వదిలేసి పరుగెత్తింది. చెప్పులు తెచ్చుకునే అలవాటు లేదుగా మరి. ఒక కాలు టక్కుమంటూ, ఇంకో కాలు సాక్సుతో, వీధిలో జనం పక్కకి తప్పుకుని చూస్తుండగా డిపో వెనక కంచె దగ్గరికి వచ్చి పడింది.

అప్పటికే బస్సు ఎత్తు మధ్యలో ఆగి ఉంది. ఆ డిపోలో పరీక్షకి ఒక పద్ధతుంది. ఎత్తు మీద బస్సు ఆపించి, వెనక చక్రానికి ఆనించి ఒక ఖాళీ టిఫిన్ డబ్బా పెడతారు. బస్సు కదిలేటప్పుడు బెత్తెడు వెనక్కి జారినా డబ్బా నుగ్గయిపోతుంది, ఇక వాదన ఉండదు. ఆ డబ్బా కూడా మర్చిపోయిన వస్తువుల గదిలోదే. అధికారి డబ్బా పెట్టి, పక్కకి జరిగి, చెయ్యి ఊపాడు.

ఇంజను గొంతు కాస్త మారింది. బస్సు ఒక్క క్షణం ముందుకీ వెనక్కీ కాకుండా, ఊపిరి పీల్చుకున్నట్టు నిలబడింది. తర్వాత, ఎక్కడా కుదుపు లేకుండా, పైకి వెళ్ళిపోయింది. లోపల గుడ్ల అట్టలుంటే ఒక్క గుడ్డు చిట్లేది కాదు. డబ్బా పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

మరదలు కంచె ఊపుతూ కేకలు వేసింది. వదిన పైన బస్సు ఆపి, దిగి, ముందు ఆ డబ్బా దగ్గరికి నడిచి వచ్చింది. నడకలో కుంటు లేదు. డబ్బా తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. మరదల్ని తల నుంచి పాదాల దాకా చూసి, పాదాల దగ్గర ఆగింది.

"రెండో బూటేదే?"

"సైకిలుకుంది."

"ఏ సైకిలుకి?"

"నీ సైకిలుకి."

వదిన ఒక్క నిమిషం ఆమె మొహంలోకి చూసి, పకపకా నవ్వింది. నవ్వుతూనే యూనిఫాం జేబులోంచి ఒక చిన్న ఎల్ కీ తీసి చూపించింది.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రోజూ పొద్దున్నే వంగి తిప్పేదానివి. క్లచ్ వదులైతే డ్రైవరుకి తెలీదటే? నువ్వు ఎంత వదులు చేశావో అంతా వెనక్కి తిప్పి, పైన ఇంకాస్త వేసేదాన్ని."

"మరి చెప్పలేదేం? నేను ఇన్నాళ్ళూ చచ్చిపోయాను వదినా, నీ కొంప ముంచానని!"

వదిన నవ్వు ఆపేసింది. కంచె సందులోంచి చెయ్యి పెట్టి మరదలి వేళ్ళు పట్టుకుంది.

"మొదటి రోజు నన్ను దింపింది నువ్వే. అది నా కాలు కాదని నాకు తెలుసు. కానీ ఆ ఒక్క టక్ వినేదాకా, ఈ కాలు ఎప్పటికైనా వస్తుందని నేనే నమ్మలేదే. నమ్మకం నువ్విచ్చావు, బిగింపు నేను వేసుకున్నాను. చెప్తే నువ్వు మానేస్తావు. పొద్దున్నే లేచి నాకోసం ఒకతి వస్తోందని తెలిస్తే ఎంత బలంగా ఉంటుందో నీకేం తెలుసు?"

అధికారి బస్సు పైనుంచి తియ్యమని పిలుస్తున్నాడు. వదిన చంకలోని డబ్బా కంచె మీదుగా మరదలి చేతికిచ్చి వెనుదిరిగింది.

"నా బూటు ఎవరు తీస్తారు వదినా?" అంది మరదలు ముక్కు ఎగబీలుస్తూ. "ఎంత తిప్పినా రావట్లేదు అది."

"డిపోలో ఒక గది ఉంది. మర్చిపోయిన వస్తువులన్నీ చివరికి అక్కడికే వస్తాయి, ఆ డబ్బా అప్పజెప్పి అడుగు," అంది వదిన, ఎడమకాలు ముందు వేసి బస్సు దగ్గరికి ఎత్తెక్కుతూ. "నన్ను మాత్రం అడక్కు. నేనిప్పుడక్కడ పనిచెయ్యడం లేదు."